పిల్ల వదలని గుంట

2022లో కోట అనే ఊళ్లో ఒక బ్యాంకులో డిపాజిట్ల కౌంటరు నాది. పాపకు అప్పుడు పది నెలలు. ఇంటి నుంచి ఫోన్ వస్తుందేమోనని సెల్లును కీబోర్డు పక్కనే పెట్టుకుని పనిచేసేదాన్ని.

ఒక సోమవారం ఏసుపాదం గారు భార్య సువార్తమ్మను, కొడుకు ప్రసాదును వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన హైస్కూల్లో అటెండరు, రిటైర్మెంటుకు ఎనిమిది నెలలుంది. ఇన్నేళ్లూ దాచుకున్న ఫిక్సెడ్ డిపాజిట్ మొత్తం తీసేయాలన్నారు. గడువుకు ముందే ఇలా తీయడాన్ని మేం ప్రీమెచ్యూర్ క్లోజర్ అంటాం. వడ్డీ కొంత తగ్గుతుంది. ఆ డబ్బుతో ప్రసాదు నాలుగో రొయ్యల గుంట కౌలుకు తీసుకుంటాడట.

"రేపు మీకేం మిగులుతుంది సార్?" అన్నాను, ఉండబట్టలేక.

"కొడుకున్నాడు కదమ్మా," అని నవ్వారు.

ఫారం తీసి ఆయన ముందు పెట్టాను. మా ఫ్లాట్ అడ్వాన్సుకు నేను అడిగిందీ, రిటైరవబోతున్న మా నాన్న పీఎఫ్ డబ్బే.

అది జాయింటు డిపాజిట్, ఇద్దరి సంతకాలూ కావాలి. ఆయన పెట్టేశారు. సువార్తమ్మ పెన్ను పట్టుకుని కొడుకు వైపు తిరిగింది.

"అబ్బయా, ఇప్పుడు నీ మూడు గుంటల్లో ఎన్నింట్లో రొయ్య పిల్ల వదిలినావు?"

"రెండింట్లో."

"మూడోదానికి కౌలు దండగ గదా?"

"అది నీళ్లు నిలవుంచే గుంట, మా. చుట్టుపక్కల రొయ్యలకు జబ్బొస్తే కాలవ నీళ్లు తోడలేం. అప్పుడు అదే దిక్కు."

"దాంట్లో కూడా నాలుగు రొయ్యలు పెంచరాదా?"

"పెంచితే ఇంక అదెందుకు పనికొస్తది..." అంటూ ఆగిపోయాడు.

"మీ నాయన డబ్బు ఆ గుంట," అని పెన్ను నా ముందు పెట్టింది.

ఏసుపాదం గారు గొణిగారు. "ఈ మాట ఇంట్లోనే చెప్పుంటే పోయేది గదా."

"ఇంట్లో మీరు వింటారా? ఇక్కడైతే ఏసీ ఉండాది, కుదురుగా కూర్చుంటారు."

ముందు నవ్వింది ప్రసాదే. ఫారం చింపి జేబులో వేసుకున్నాడు. ఎనిమిది నెలల తర్వాత వాళ్ల నాన్న రిటైర్మెంటుకు ఇంట్లో పెట్టిన కృతజ్ఞత ప్రార్థన కూడికకు నన్నూ పిలిచాడు. కూరలో రొయ్యలు అతని గుంటల్లోవే. డిపాజిట్ అలాగే ఉంది.

ఆ సోమవారం మధ్యాహ్నమే మా నాన్నకు ఫోన్ చేశాను. "నాన్నా, మా కోసం పీఎఫ్ తీయొద్దు. మేం ఇంకో రెండేళ్లు అద్దెకుంటాం. అది నీళ్ల గుంట."

"ఏ గుంట? బ్యాంకులో పని ఎక్కువైందా తల్లీ?" అన్నాడు. కానీ ఆయన గొంతు తేలికపడింది. అడిగినప్పుడు వెంటనే సరేనన్న మనిషికి కూడా భయం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.