తెర మీది వేలిమరక

తెలుగు నేతగాళ్లు వలసొచ్చి స్థిరపడ్డ ఉధ్నాలో పెళ్లిపత్రికలు తయారుచేసే ఉమాకాంత్ తన కంప్యూటర్‌లో ఏ విండోనూ మూయడు. అందులోని ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఒక జబ్బుంది. కాపీ చేసిన విండోను మూసేస్తే, ఇంకోచోట పేస్ట్ చేయడానికి ఏమీ మిగలదు. అందుకే ఎడమచేతి వేలితో ఆ విండోను తెరకు అదిమిపెట్టి, పళ్లు కొరుకుతూ పేస్ట్ చేస్తాడు. వేలు పెట్టి లాభం లేదని తెలుసు. అయినా అక్కడొక జిడ్డుమరక పడింది. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన వాళ్లకు మూడుసార్లు రాశాడు. ‘మా దగ్గర బాగానే ఉంది’ అని మూడుసార్లూ జవాబొచ్చింది.

ఆమధ్య బాలవ్వ వచ్చి, మనవరాలి పెళ్లిపత్రికలో వేయడానికి గంటసేపు చుట్టాల పేర్లు చెప్పింది. ఒక్క పేరు తప్పినా ఆ ఇంటివాళ్లు పెళ్లికి రారు. ఉమాకాంత్ అన్నీ టైపుచేసి, కాపీ చేసి, ఎడమచేత్తో టీ అందుకుంటూ, సేవ్ చేయకుండానే విండో మూసేశాడు. పేస్ట్ నొక్కితే ఖాళీ.

“పేర్లన్నీ పోయినయ్ అవ్వా! మూస్తే మర్చిపోతది ఇది” అని తల కొట్టుకున్నాడు.

ముప్పై ఏళ్లు మగ్గాల మీద పడుగు పోగులు అతికిన బాలవ్వకు ఒళ్లు మండింది. “గిదేం మిషినుర? పాత పడుగు కొసలకు కొత్తది ముడేసినంక గద పాతది కోసేది! గంత గూడ తెల్వదా దీనికి? మళ్ల చెప్త, రాయ్. ఈసారి పోతే నిన్ను గూడ పెళ్లికి పిలువ.”

ఆ సాఫ్ట్‌వేర్ కోడ్‌ను ఎవరైనా మార్చుకోవచ్చు. వారం రోజులు దానితో కుస్తీపట్టి, విండో మూసేలోపే కాపీ చేసింది వేరేచోట దాచేలా మార్చాడు ఉమాకాంత్. బాలవ్వ చెప్పిన పేర్లతోనే పరీక్షించాడు. కాపీ చేసి, మూసి, పేస్ట్ నొక్కాడు. అందరూ వచ్చారు.

ఎడమచేతి వేలు మాత్రం ఆ మరక మీదే ఉంది.