ఒక్క గుంజుడుకు ఊడే ముడి

ఆ పర్దాలు కట్టింది నేనేనని కాకకు తెలుసా? పన్నెండేళ్లుగా మోస్తున్న ప్రశ్న ఇది. పోయిన నెల ఒక పొద్దున తార్నాక సిగ్నల్ దగ్గర ఆటోలో ఉండగా ఫోన్ వచ్చింది. కాక నిద్రలోనే పోయాడట. ఇక అడగడానికి మనిషి లేడు.

యూనివర్సిటీలో మా జువాలజీ విభాగానికి ఆయన అటెండర్. చిన్నా పెద్దా అందరికీ కాకే. మా వెనక గల్లీలోనే ఇల్లు. ఘట్‌కేసర్ అవతల ఎకరన్నర చెలకలో ఇరవై గొర్రెల్ని సాకేవాడు. వాటికి ఉన్ని ఉండదు, మేకలకున్నట్టు పొట్టి వెంట్రుకలే.

"ఉన్ని లేనిది ఏం గొర్రె కాకా?" అని ఏడిపించేవాళ్లం.

"మీకు స్వెటర్లు కావాల్నా, గొర్రెలు కావాల్నా? ఇది ఎండకు ఓర్సుకుంటది, వానకు దులుపుకుంటది. మనం అడ్డం రాకుంటె సాలు."

గొర్రె కింది రెప్పను బొటనవేలితో లాగి చూసేవాడు. లోపల పాలిపోయి ఉంటే కడుపులో పురుగులని మందు తాపేవాడు. నేను మైక్రోస్కోపు ముందు గంటసేపు కూర్చుని తేల్చేది ఆయన మందలో నడుస్తూ నడుస్తూ చెప్పేవాడు. ఒకసారి కారిడార్లో నన్నూ ఆపాడు.

"మేడమ్, జర కన్ను చూపెట్టుండ్రి. నెత్తురు తక్కువున్నది. గొర్రెలైతె ఇంత మందు తాపుతుంటి, మీరు మేడమ్ అయిపోయిన్రు."

రక్తపరీక్షలో ఆయన మాటే నిజమైంది.

ఆ వానాకాలం ఆయన జనగామకు పెళ్లికి పోతూ, ఆదివారం మేత వేసే పని నాకు అప్పజెప్పాడు. సాయంత్రం జల్లు మొదలైంది. గొర్రెపిల్లలు వణుకుతున్నాయనిపించింది. కొట్టం చుట్టూ ఎప్పుడూ పైకి చుట్టి ఉండే తార్పాలిన్ పర్దాలను నాలుగు వైపులా దించాను. మా అమ్మాయి జడకు రిబ్బన్ కట్టినట్టు పువ్వు ముడులు వేసి, మంచి పని చేశాననుకుంటూ బస్సెక్కాను.

మర్నాడు ఆయన వచ్చేసరికి లోపలంతా గాలాడక ఆవిరి, ఉచ్చకంపు. పిల్లలన్నిటికీ దగ్గు. వారంలో మూడు పోయాయి. ఊపిరితిత్తుల పాఠం చెప్పే మనిషిని నేను.

"పర్దాలు నేనే దించి పోయిన్నేమో మేడమ్. యాదికొస్తలేదు," అన్నాడు నా టేబుల్ తుడుస్తూ.

దగ్గు విని అది ఏ గొర్రెదో చెప్పేవాడికి యాది లేదా? నోరు తెరిచాను. బెల్ మోగింది. రిజిస్టర్ పట్టుకుని క్లాసుకు వెళ్లిపోయాను. మళ్లీ ఆ మాట నేనెత్తలేదు, ఆయనా ఎత్తలేదు. తర్వాతి ఈతలో పుట్టిన మొదటి పిల్లను తెచ్చి నా ఒళ్లో పెట్టి, "పట్టుకో బిడ్డా," అన్నాడు. అప్పటిదాకా నేను మేడమ్‌నే.

దినాలయ్యాక కొట్టం దగ్గరికి వెళ్లాను. కాక భార్య గొర్రెలకు మేత వేస్తోంది. పర్దాలన్నీ పైకి చుట్టి ఉన్నాయి. ఒక్కో చుట్టకూ ఒక్కో పువ్వు ముడి.

నేను చూడటం ఆమె చూసింది. "శాన ఏండ్ల సంది గీ ముడే ఏస్తుండె మీ కాక. ఒక్క గుంజుడుకు ఊడుతది, మంచిగున్నది అంటుండె. యాడ నేర్సిండో అడిగితె చెప్పకపోతుండె."

తాడు కొస పట్టుకున్నాను, లాగలేదు. కొట్టంలోంచి గాలి ఇటునుంచి అటు పోతోంది, గొర్రెలు నెమరేస్తున్నాయి. ఆ ముడి నాదని ఎరిగే నా తప్పు తన మీద వేసుకున్నాడో, ఎవరిదైతేనేం సులువుగా ఉందని నేర్చుకున్నాడో, నాకు ఇప్పటికీ తేలలేదు.