తిత్తికి అతుకు

బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే రాజలింగుకు ఊపిరి అందడం లేదు. డాక్టరు "న్యుమోకోనియోసిస్" అన్నాడు. అదేమిటని భార్య దుర్గవ్వ అడిగింది.

"న్యుమోన్ అంటే గ్రీకులో ఊపిరితిత్తి. పూర్వం ప్లెవుమోన్ అనేవాళ్లట, నీళ్లలో తేలేది అని అర్థం. ఊపిరికి వాళ్ల మాట న్యుమా, దాన్నిబట్టి ప్లెవుమోన్ కాస్తా న్యుమోన్ అయింది. కోనిస్ అంటే దుమ్ము. మీ ఆయన ఊపిరితిత్తుల నిండా బొగ్గుదుమ్మే ఉందమ్మా."

కమ్మరింట్లో పుట్టిన దుర్గవ్వకు అందులో తిత్తి ఒక్కటే అర్థమైంది.

"తిత్తే గద సారూ! కొలిమితిత్తి చినిగితే మా బాపు మేకతోలు అతుకేస్తడు. ఆయన్ని తోల్కొస్త."

"మీ బాపు దబ్బణం తెస్తే నేను ఉరుకుతనే," అని రాజలింగు దగ్గుతూ నవ్వాడు.

డాక్టరు నవ్వలేదు. "దీనికి అతుకు లేదమ్మా."

దుర్గవ్వ మొగుడి వీపు మీద అరచెయ్యి ఆనించింది.

"మరి జర మెల్లగ ఊదుకుంటే ఈ తిత్తి ఎన్ని రోజులొస్తది సారూ?"