ఖైరూ మిద్దె మీద ఎండిన కుంట మన్ను

నిన్న పొద్దున పెనం మీద దోసె ఉండగా ఫోన్ మోగింది. ఖైరున్నీసా కూతురు. "ఆంటీ, తెల్లవారుజామున అమ్మ పోయింది."

దోసె మాడిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడ్డాను.

మొన్న ఆదివారమే కదా గంటసేపు మాట్లాడుకున్నాం.

నిన్నటి నుంచి ఏడుపు, మధ్యమధ్యలో నవ్వు. ఖైరూ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మన్ను డబ్బా మరి.

పంతొమ్మిది వందల అరవైల్లో పామిడి హైస్కూల్లో మాది ఒకే క్లాసు. వాళ్ళ నాయన బజారులో టైలర్.

తొమ్మిదో క్లాసులో ఒకరోజు సైన్స్ సార్ చెప్పారు. ప్రాణం భూమ్మీదే పుట్టి ఉండకపోవచ్చట. వేరే గ్రహం నుంచి ఎగిరొచ్చిన రాయిలో దాక్కుని వచ్చి ఉండొచ్చని కొందరు సైంటిస్టులు అంటారట.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఖైరూ మాత్రం లేచి, దారిలో నీళ్ళుండవు కదా, ఎట్ల బతుకుతుందని అడిగింది.

అదే ఎవరికీ తెలియదమ్మా అన్నారు సార్.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ ఖైరూ ఊరి బయట ఎండిపోయిన కుంటలోకి దిగింది. వాన పడితే రెండు మూడు రోజులకే ఆ కుంటలో సన్నటి పురుగులు ఈదేవి. అవి ఎక్కడి నుంచి వస్తాయని మేమెవరమూ ఎప్పుడూ ఆలోచించలేదు.

బీటలిచ్చిన మన్ను నాలుగు పెళ్ళలు తీసి బిస్కెట్ డబ్బాలో వేసుకుంది.

"వీట్లోనే గుడ్లు ఉండాయేమో మే. నీళ్ళు ల్యాకుండా ఎన్నాళ్ళు ఉంటాయో చూస్తా."

రెండు వేసవులు ఆ డబ్బా వాళ్ళ మిద్దె మీద మాడింది. మబ్బు పడితే ఊరంతా సంతోషపడేది. ఖైరూ మాత్రం డబ్బా దించడానికి పరుగెత్తేది. మబ్బు చూసి కంగారుపడిన మనిషి అనంతపురం జిల్లాలో తనొక్కతే అనుకుంటా.

ఎస్.ఎస్.ఎల్.సి., అంటే అప్పట్లో పదకొండో క్లాసు, చివర్లో వాళ్ళ నాయన చదువు చాలు, ఇక మిషన్ మీద కూర్చో అన్నాడు. ఖైరూ వాదించలేదు. మర్నాడు డబ్బా తీసుకుని స్కూలుకొచ్చింది.

రెండు గాజు సీసాలు. రెండింట్లోనూ కాచి, చల్లార్చి, వడగట్టిన నీళ్ళు. ఒకదాంట్లో మన్ను వేసింది. రెండోది ఉత్త నీళ్ళు. పురుగులు నీళ్ళతోనే వచ్చాయని ఎవరూ అనకూడదని.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. క్లాసులో "మన్ను ఖైరూ" అని పేరు కూడా పెట్టేశారు.

మూడో రోజు పొద్దున మన్ను సీసాలో తెల్లటి చుక్కలు. ఆవగింజలో సగం కూడా లేవు. గిలగిలా ఈదుతున్నాయి.

రెండో సీసాలో ఉత్త నీళ్ళే.

సార్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చూశారు. పాఠం ఆపేసి, తనే బజారుకెళ్ళి వాళ్ళ నాయనను వెంటబెట్టుకొచ్చారు. ఆయన మెడలో టేపు అలాగే ఉంది.

చాలాసేపు వంగి చూశాడాయన. "రెండేండ్లు నీళ్ళు ల్యాకుండా బతికినాయా ఇవి? అట్లయితే ఇవి మన జిల్లావే సార్."

సార్ కూడా పగలబడి నవ్వారు.

తర్వాత ఆయన కూతురి వైపు తిరిగి, ఇంకా ఏం చూడాలనుందని మెల్లగా అడిగాడు.

"కాలేజీకి పోతా నాయనా."

సెలవులయ్యాక కొత్త బట్టలు ఆయనే కుట్టి, ఆయనే అనంతపురం తీసుకెళ్ళి కాలేజీలో చేర్పించాడు.

తనకల్లులో సైన్స్ టీచరుగా రిటైరైంది మా ఖైరూ. వేరే గ్రహం సంగతి నువ్వు ప్రూవ్ చేశావు కదే అని నేనంటే ఊరుకునేది కాదు.

"ఎండినా బతుకుతాదని చూపించినా గానీ, ఆడినుంచి వచ్చిందని నేను యాడ చూపించినా? రెండూ ఒకటి కాదు మే."

కాలేజీలో తనకొచ్చిన ఫస్ట్ క్లాసు కంటే ఆ నిజాయితీ చూసి నేనెక్కువ గర్వపడ్డాను.

పోయిరా ఖైరూ. అన్నీ తెలిసినవాడి దగ్గరికే పోయావు, తీరిగ్గా అడుగు. అల్లా నీకు శాంతినివ్వాలి. నీ ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు కూడా చెప్పాలి.