నోటికి కట్టిన పాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో పల్లికాయ ఒలిచే వేళ నోరు మూసుకొని కూర్చున్న పిల్ల దొంగ కింద లెక్క. అందరి ఇళ్లలో పిల్లలను నోరు మూసుకోమని కసిరేవాళ్లు. మా అవ్వ మాత్రం నోరు తెరవమని కసిరేది. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. విత్తనం గింజ చేతిలో ఉన్నంతసేపూ మేం గొంతెత్తి పాడుతూనే ఉండాలి. ఇన్నేళ్లకు ఆ సంగతి గుర్తుకు రావడానికి కారణం ఒక ఇంగ్లీషు మాట.

ఇప్పుడు నేను షాద్‌నగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. మొన్న మనవరాలు హోంవర్కు ముందేసుకొని, రిఫ్రెయిన్ అంటే తెలుగులో ఏమిటని అడిగింది. అన్నీ తెలిసినదానిలా 'మానుకొను' అన్నాను. తాత బీడీలు మానుకున్నాడు, అదేనా అని ఎదురు ప్రశ్న వేసింది. అది కాదట. చెయ్యాలని ఉండీ, చెయ్యి అందాకా వెళ్లీ, చెయ్యకుండా ఉండటమట. 'నిగ్రహించుకొను' అన్నాను. ఆ మాట పలకడానికే నిగ్రహం కావాలని పకపకా నవ్వింది. 'తమాయించుకొను' కొంత దగ్గరికి వచ్చింది గానీ, అది కోపానికీ ఏడుపుకూ సరిపోయినట్టు నోటి దగ్గరి ముద్దకు సరిపోదనిపించింది. చివరికి పిల్ల ఫోన్లో వెతికింది. అదే మాటకు పల్లవి అని ఇంకో అర్థం కూడా ఉందట. పాటలో మళ్లీ మళ్లీ వచ్చే పల్లవికీ, ఆపుకోవడానికీ ఏం సంబంధం, ఫోను తప్పు చెబుతోందని మళ్లీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ రెండింటినీ ఒక్కచోట చూసినదాన్ని నేను.

మాది పాలమూరు వైపు చెరువూ కాలువా లేని ఊరు. ఎర్రమట్టి చెల్క, పైన దేవుడి వాన, అంతే. నేను ఇంకా లంగా జాకెట్ల పిల్లనే, ఒక ఏడు వాన మొహం చాటేసింది. ఆ మరుసటి ఎండాకాలానికి ఇంట్లో జొన్న గట్క తప్ప ఏమీ లేదు, అదీ పలచన. అటక మీద మాత్రం విత్తనానికని దాచిన ఒక బస్తా పల్లికాయ ఉంది. మృగశిరను మావాళ్లు మిరుగం అంటారు. మిరుగం వానకు ఆ గింజ చెల్కలో పడాలి. గింజ చాలకపోతే చెల్క బీడు పడుతుంది, బాపు బొంబాయి పనులకు పోతాడు. మా వాడలో అట్లా పోయి, ముఖం కూడా మరిచిపోయేంత కాలానికి తిరిగి వచ్చిన నాయినలు ఉన్నారు. ఆ భయం మాకందరికీ ఉండేది. భయం ఉన్నా ఆకలి ఆకలే.

రోహిణి ఎండల్లో అవ్వ మా అక్కచెల్లెళ్లను చాటల ముందు కూర్చోబెట్టేది. విత్తనం చేత్తోనే ఒలవాలి. గింజ మీది ఎర్రపొట్టు చిట్లితే మొలక రాదు. బొటనవేళ్లు వాచేవి, పల్లీల వాసనకు నోరూరేది. అప్పుడు అవ్వ పాట ఎత్తుకునేది. "గింజా గింజా యాడికి బోతవ్" అని ఆమె అడిగితే, "చెల్కకు బోత, చెట్టై వస్త" అని మేం వంత పాడాలి. పాడే నోరు నమలలేదు కదా! ఎవరి గొంతు ఆగితే వాళ్ల నోట్లో గింజ పడ్డట్టే. ఒకసారి మా చెల్లె దగ్గు వచ్చి ఆగితే, పాపం, నాలుక చాపి చూపించాల్సి వచ్చింది. పని ముగిశాక చిట్లిన గింజలూ తాలు గింజలూ మాకు పంచేది. ఇప్పుడు ఏ జీడిపప్పులోనూ నాకు ఆ రుచి దొరకదు.

ఒకరోజు పాట నడుమ ఆగింది. ఆగింది మా గొంతులు కాదు. తలెత్తి చూస్తే అవ్వ చెయ్యి పెదవుల దగ్గర ఉంది, వేళ్ల మధ్య నిండు గింజ ఉంది. ఆ పొద్దున తన గట్క మా గిన్నెల్లోకి వంచి, తాను చెంబెడు నీళ్లు తాగడం నేను చూశాను. తింటుందనుకున్నాను. తినాలనే కోరుకున్నాను. అవ్వ ఆ గింజ వైపు కాసేపు చూసి, మెల్లగా చాటలో వదిలి, మునుపటి కన్నా గట్టిగా పాట అందుకుంది.

సాయంత్రం చాటలు దులిపేటప్పుడు, ఆ ఒక్క గింజ తింటే ఏమయ్యేదని అడిగాను.

"మీరు తింటె పిడికెడు తింటరు బిడ్డా. నా ఆకలికి బస్త ఒడుస్తది," అంది అవ్వ. "పైరులకు పోయేటప్పుడు ఎద్దు మూతికి చిక్కం కడ్తం. మన్సి మూతికి గట్ల కడ్తమా? అందుకే పాట కట్టిన. మీకు గాదే, నాకే."

అన్నాళ్లూ ఆ పాట మా మీద కాపలా అనుకున్నాను. నాకు ఏడుపు వచ్చి అవ్వ ఒడిలో దూరిపోయాను. ఆ ఏడు మిరుగం మోసం చెయ్యలేదు, బాపు బొంబాయి పోలేదు. అవ్వ పెదవి దాకా వెళ్లి తిరిగొచ్చిన గింజ ఏ చెట్టయిందో కనుక్కోవాలని నేను సాళ్ల వెంట తిరిగేదాన్ని, పిచ్చిదాన్ని.

ఇదంతా విని మనవరాలు నవ్వడం మానింది. రిఫ్రెయిన్ పక్కన 'నోరు కట్టుకొను' అని రాయమన్నాను. అది తిండికే కదా, మాటకో అని లా పాయింటు తీసింది. తిండైనా మాటైనా ఆగాల్సింది నోటి దగ్గరే కదా అన్నాను. రాసుకుంది. టీచరు దిద్దితే దిద్దుకోనీ.

తిండికి నాకిప్పుడు కొదవ లేదు. కష్టమంతా మాటతోనే. నాది పుట్టుకతోనే పదును నాలుక. కోడలు ఏదైనా అంటే జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంటుంది. అప్పుడు సన్నగా ఆ పాట ఎత్తుకుంటాను. అది ముగిసేసరికి జవాబు చల్లబడుతుంది. కోడలికి ఈ గుట్టు తెలియదు, మనవరాలికి మాత్రం చెప్పాను.

నిన్న కూరలో ఉప్పు దగ్గర మాటా మాటా వచ్చేలా ఉంటే, అట్లాగే పాడుకుంటూ అవతలికి వచ్చాను. "మీ నానమ్మ ఇయ్యాల మస్తు ఖుషీగ ఉన్నట్టున్నరు," అంది కోడలు కూతురితో. పిల్ల నా ముఖం చూసింది. గుట్టంతా పెదవుల దాకా వచ్చేసింది దానికి. అది ఒక్కసారి గుటక మింగి, "చెల్కకు బోత, చెట్టై వస్త," అంటూ నా పాట అందుకుంది.

ఎన్ని ఏండ్లకో నాకు మళ్లీ వంత దొరికింది.