ముందు మనుషులు, వెనక సరుకు: పెద్దాపురం నుంచి సగం గూడు బండిలో

ఇంట్లో కూర్చుని కూర్చుని నాకు పిచ్చెక్కుతోంది. ఈ ప్రయాణానికి అసలు కారణం అదే. మద్రాసులో కాలేజీ చదువు ముగించి వచ్చి ఏడాది దాటింది. రాజమండ్రిలో ఆడపిల్లల బడివారు సోమవారం నుంచి పాఠాలు చెప్పడానికి రమ్మన్నారు. మేం ఉండే తోట ఊరికి ఎడంగా ధవళేశ్వరం రోడ్డు మీద ఉంది. నడిచి వెళ్తానంటే అమ్మ ఒప్పుకోదు. రోజూ అద్దె బండి పెట్టుకునే స్తోమతు మాకు లేదు. నాన్న పోయాక తోట పని చూసుకునేది అమ్మే. దున్నే ఎద్దులు ఇంట్లోనే ఉన్నాయి గానీ, ఇప్పుడు మేం కొనగలిగేది ఒకే బండి. కంద, అరటి మోయడానికి మోటు బండి కావాలని ఆవిడ, ఎక్కి వెళ్లడానికి గూడు బండి కావాలని నేను. ఇంతలో పెద్దాపురంలో ఒక వడ్రంగి రెండూ కలిపిన బండి చేస్తున్నాడని తెలిసింది. "రోజంతా తోలి చూద్దాం. నచ్చిందా, ఉంచుకుందాం. లేదా, మోటు బండే. మళ్లీ నన్ను విసిగించకు" అంది అమ్మ.

శుక్రవారం మధ్యాహ్నం రైల్లో సామర్లకోట చేరి, స్టేషను బయట జట్కా ఎక్కి పొద్దు వాలేలోగా పెద్దాపురంలో దిగాం. జట్కావాడు మొదట చెప్పిన బాడుగలో మూడోవంతు తగ్గిస్తాడు, తొందరపడి ఎక్కకండి. సత్రంలో పడుకుని, తెల్లవారగానే వడ్రంగి నూకరాజు ఇంటికి వెళ్లాం. బండి చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ముందు సగం గూడు, లోపల గడ్డి పరుపు. వెనక సగం పైకప్పు లేని బల్ల.

"ముందు మనుషులండి, వెనక సరుకండి. ఒక ఇంటికి రెండు బళ్లు ఎందుకండి?" అన్నాడు నూకరాజు.

"ఎద్దులకి ఏ బండో తెలియాలి కదయ్యా" అంది అమ్మ.

ఎద్దులూ, తోలే మనిషి అప్పన్నా నూకరాజు తరఫువాళ్లే. బండి మాకు నచ్చితే అప్పన్న ఎద్దులతో తిరిగి వెళ్తాడు, నచ్చకపోతే బండితో సహా వెళ్తాడు. విత్తనానికి కొన్న కంద పిలకలు రెండు బస్తాలు బల్ల మీద వేసుకుని రంగంపేట దారి పట్టాం. మొదటి రెండు కోసులూ హాయిగా సాగింది. గూట్లో కూర్చుంటే కుదుపు తెలియలేదు, వెనక బస్తా కదల్లేదు. సోమవారం ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకున్నాను.

రంగంపేట ఇంకా రాకముందే ఒక ముసలాయన చెయ్యి ఎత్తాడు. పక్కన చింతపండు బుట్టలు. "అమ్మగారూ, బల్ల ఖాళీగానే పోతోంది కదండీ?" గూడు బండిని ఆపి ఇలా ఎవరూ అడగరు. లోపల ఎవరున్నారో, ఎంత చోటుందో బయటికి తెలియదు. ఈ బండిలో చోటు ఎంతుందో దారినపోయే అందరికీ కనబడుతుంది. నేను అమ్మ మోచెయ్యి గిల్లాను. అమ్మ అప్పటికే "పెట్టుకోండి బాబూ" అనేసింది. మా వైపు చోటుండీ లేదనడం కంటే పెద్ద అబద్ధం మరొకటి లేదు.

ఆ తర్వాత ఎండుచేపల గంపతో ఒకావిడ ఎక్కింది. రాజానగరం సంతకట. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటూనే "సర్దుకో అమ్మా" అంది.

"ఇలాగైతే మనం రేపు చేరతాం" అన్నాను.

"ఏంటే, నీకు పెళ్లివారొస్తున్నారా?"

ఇంకో ఇద్దరి మూటలు కూడా పడ్డాక బండి గట్టు ఎక్కుతూ వెనక్కి ఒరిగింది. కాడి పైకి లేచింది. ఎద్దుల మెడ పట్టెడలు గొంతుకు బిగిశాయి. "అమ్మగారూ, ముందుకి! ముందుకి రండి! ఎద్దులకి ఊపిరాడట్లేదండి!" అని అరిచాడు అప్పన్న. నేనూ అమ్మా గూట్లోంచి పాక్కుంటూ వెళ్లి అతని పక్కన కూలబడ్డాం. కాడి దిగలేదు.

వెనకనుంచి చేపలావిడ పగలబడి నవ్వింది. "అమ్మాయిగారు మరీ పుల్లలా ఉన్నారండి. ఇంకాస్త తిని రావలసిందండి!"

"నువ్వు దిగవమ్మా, సరిపోతుంది" అన్నాను.

"చిట్టీ!" అమ్మ కసిరింది. కాసేపటికి తనూ నవ్వింది. చింతపండు బుట్టలు గూట్లోకి లాగి పెట్టాక గానీ కాడి కిందికి దిగలేదు.

రాజానగరంలో అందరూ దిగారు. ఇప్పుడు ముందు బరువు ఎక్కువై కాడి ఎద్దుల మూపులు నొక్కింది. మళ్లీ మేం వెనక్కి. పూటకూళ్లమ్మ ఇంట్లో పప్పు, వంకాయ కూర, గడ్డ పెరుగు తిన్నాం, ఆ దారిన వెళ్లేవారు తప్పక తినండి. అక్కడినుంచి ఎవరైనా ఎదురొస్తే చాలు, "తోలు, తోలు" అని అప్పన్నని తొందరపెట్టేదాన్ని. అమ్మ ఎవరినీ కాదనలేదు. ఇంటి గుమ్మం ముందు ఆగేసరికి పొద్దుగూకింది.

"బండి ఉంచమంటారా, తోలుకెళ్లమంటారా అండి?" అన్నాడు అప్పన్న.

"తోలుకుపో" అంది అమ్మ.

"అయితే మోటు బండేనా?" అన్నాను.

అమ్మ నడుం పట్టుకుని అరుగు మీద కూర్చుంది. "కంద ఏడాదికి ఎన్నిసార్లు మోస్తామే? నాలుగుసార్లు. ఆ నాలుగు రోజులకీ మోటు బండి అద్దెకి తెచ్చుకోవచ్చు. నువ్వు వెళ్లవలసింది రోజూనూ. ఈ బల్ల తగిలించుకుని వెళ్తే బడి వదిలేవేళకి చేరతావు. నలువైపులా మూసిన గూడు బండే చూద్దాం."

"మరి సోమవారం?"

"అది వచ్చేదాకా అద్దె బండిలో వెళ్లు. ఇక లోపలికి పద, నీ ఒంటికి కూడా చేపల కంపే."

నూకరాజు పనిలో లోపమేమీ లేదు. రోజూ సరుకు ఎత్తుతూ, తామూ అదే బండిలో తిరిగే వర్తకులకు ఆ బండి బాగానే ఉంటుంది. మాలాగా ఊరి శివార్లలో ఉండి, మనుషులు రోజూ తిరగవలసి, సరుకు ఎప్పుడో ఒకసారి కదిలే ఇళ్లకు మాత్రం అది రెండిటికీ సగమే. ఒక్క బండితో రెండు కోరికలూ తీరిపోతాయనుకున్న నాకు ఆ రోజంతా కుదురు లేదు. ముందుకి జరగడం, వెనక్కి జరగడం. అయినా కొందామనుకునేవారు ఒక పని చెయ్యండి: వెనక బల్ల మీద సరుకు ఉన్నా లేకపోయినా గోనెపట్టా కప్పి, తాడు బిగించి బయలుదేరండి. చోటు కనబడితే మీ అమ్మగారు కూడా లేదనలేరు.