డెల్ఫీనా కుట్టిన కుడి రెక్క

అల్దావ ఊళ్ళో పెళ్ళయిన ఆడవాళ్ళలో సగం మంది డెల్ఫీనా కుట్టిన గౌనులోనే చర్చి మెట్లెక్కారు. బడిపిల్లలు వేసుకునే తెల్ల కోట్లూ ఆమెవే, బేకరీ కిటికీ తెరలూ ఆమెవే. ఇవి కాక విమానాలకు రెక్కలు కుట్టేది. ఆ మాట ఎవరైనా గొప్పగా ఎత్తితే నవ్వేసేది.

"దిండుకి గలీబు కుట్టినట్టే. కాకపోతే ఈ దిండు ఎగురుతుంది."

ఊరి చివర, గోధుమ చేలకీ ఉప్పు సరస్సుకీ మధ్య, ఎగిరేవాళ్ళ క్లబ్బు ఉంది. గడ్డి నేల మీద ఒక రన్‌వే, రేకుల హ్యాంగర్, మాంసం కాల్చుకోవడానికి ఇటుకల పొయ్యి. పశువుల డాక్టరు, రొట్టెలు కాల్చేవాడు, ట్రాక్టర్లు బాగుచేసేవాడు శనివారం మధ్యాహ్నానికి అక్కడ చేరతారు. విమానం చెక్కపెట్టెల్లో విడి భాగాలుగా వస్తుంది. వాటిని కలిపి అతికి, బిగించి, రుద్ది, రంగువేసి ఎగిరేలా చేయడానికి ఏళ్ళు పడుతుంది. కొందరి పిల్లలకు పెళ్ళిళ్ళయినా విమానం మాత్రం చక్రాల మీద నిలబడదు. "మీ ఆయన ఎక్కడ?" అని అడిగితే ఆ ఇళ్ళ ఆడవాళ్ళు "పెట్టెలో ఉన్నాడు" అని జవాబిస్తారు.

డెల్ఫీనాను ఈ పనిలోకి దింపినవాడు నసరేనో. ధాన్యం కోతయంత్రాల మెకానిక్కు, ఆమెకంటే రెండు మూడేళ్ళు చిన్నవాడు, ఊళ్ళో చిన్నవాళ్ళందరిలాగే ఆమెను మర్యాదకి 'దోన్యా' అనేవాడు. ఒకరోజు తెల్లటి గుడ్డ చుట్ట భుజాన వేసుకుని ఆమె కుట్టుగదిలోకి వచ్చాడు.

"నా రెక్కలకి బట్ట తొడగాలి దోన్యా. క్లబ్బులో వాళ్ళ కుట్టు చూస్తే గోనెసంచి గుర్తొస్తోంది."

"నేను పెళ్ళికూతుళ్ళకి కుడతానయ్యా."

"ఇదీ పెళ్ళికూతురే. రోజూ గాలితో పెళ్ళి."

చెక్కతో చేసిన రెక్క లోపల వరసగా పక్కటెముకలుంటాయి. వాటి మీద బట్ట పరిచి, అంచులు జిగురుతో అతికి, ఇస్త్రీపెట్టె కాక చూపిస్తే ముడుచుకుని తప్పెటలా బిగుస్తుంది. ఆ తర్వాత ప్రతి పక్కటెముకకూ బట్టను కుట్టాలి. లేకపోతే పైనుంచి పోయే గాలి బట్టను ఎముక మీంచి లాగేస్తుంది. కుట్టడానికి రెక్కను దాని ముందు అంచు మీద నిలబెడతారు. ఇటొకరు, అటొకరు. ఇటువాళ్ళు మూరెడు సూదిని రెక్కలోంచి అవతలికి పొడుస్తారు. అవతలివాళ్ళు ఎముకకు రెండోపక్క నుంచి తిప్పి పంపుతారు. మైనం పూసిన దారాన్ని ఇటువైపు బిగించి ముడి వేస్తారు. ముడులన్నీ డెల్ఫీనావే. సూది తిప్పి పంపేవాడు నసరేనో.

పని జరుగుతున్నంతసేపూ ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరికి కనపడదు. హ్యాంగర్ తలుపులోంచి ఎండ పడినప్పుడు ఇంకా రంగు వేయని ఆ బట్ట మీద అతని నీడ తేలేది. ఆ నీడతో డెల్ఫీనా ఎన్నో మాటలు మాట్లాడింది. తల్లి మంచాన పడ్డ సంవత్సరాల గురించీ, రాని సంబంధాల గురించీ, చీకటి పడుతున్నప్పుడు కుట్టుగదిలో తనకు కలిగే దిగులు గురించీ. ముఖం ఎదురుగా ఉంటే వీటిలో ఒక్కటీ ఆమె నోట వచ్చేది కాదు. అతనూ తక్కువ మాట్లాడలేదు. ఒకసారి సూది రావడం ఆలస్యమైంది.

"ఏమైంది? నిద్రపోయావా?"

"లేదు. నువ్వు ఇంకో ముడి వేసేస్తే ఈ వరస అయిపోతుంది కదా అని."

ఆమె ముడి వేయడానికి చాలాసేపు తీసుకుంది. వాళ్ళ మధ్య నడిచిందల్లా అంతే. ఊరు కూడా అంతకు మించి ఏమీ అనుకోలేదు.

విమానం ఎగిరింది. బాగా ఎగిరింది. ప్రతి వసంతంలోనూ నసరేనో రెక్కల మీద వేళ్ళతో కొట్టి చప్పుడు వినేవాడు, కుట్టు వరసల వెంట బొటనవేలు నడిపించేవాడు. ఆమెను ఒక్కసారి ఎక్కించుకున్నాడు. కిందికి చూడమని అతను అరుస్తుంటే ఆమె రెక్కనే చూస్తూ కూర్చుంది. బట్ట సన్నగా ఊపిరి తీస్తున్నట్టు ఉబుకుతోంది, ముడుల దగ్గర ఆగుతోంది.

తర్వాత ఒక ఎండాకాలపు ఆదివారం, ఆకు కదలని మధ్యాహ్నం, విమానం సరస్సులో పడిపోయింది. నసరేనోను అదేరోజు బయటికి తీశారు. ఇంజనూ, ఎడమ రెక్కా తరువాత దొరికాయి. కుడి రెక్క మాత్రం విరిగిపోయి సరస్సు అడుగున బురదలో ఎక్కడో దిగబడింది. ఆ సమయంలో గట్టున ఉన్నది ఒక్కరే, నసరేనో అక్క ఒఫేలియా. రెక్క మీద తెల్లగా ఏదో జెండాలా కొట్టుకుందనీ, ఆ వెంటనే విమానం పడిందనీ ఆమె చెప్పింది. విచారణకు వచ్చినవాళ్ళు కారణం తేలలేదని రాసుకుని వెళ్ళిపోయారు. కానీ ఊరికి జెండా చాలు. బట్ట ఊడింది. అంటే ముడి జారింది.

ఎవరూ డెల్ఫీనా ముఖం మీద అనలేదు. పెళ్ళికూతుళ్ళు రావడం మానలేదు. క్లబ్బువాళ్ళు మాత్రం రెక్కలను లారీ మీద వేరే ఊరు పంపించసాగారు. ఒఫేలియా ప్రతి ఆదివారం నెలవంక రొట్టెలు పట్టుకుని వచ్చేది. మాతే ఆకులు గిన్నెలో నానబెట్టి, ఒకే గొట్టంతో వంతులవారీగా తాగుతూ కూర్చునేవారు.

"నీ మీద నాకేం కోపం లేదు డెల్ఫీనా. చేతులన్నాక ఒకప్పుడు తప్పుతాయి."

"తప్పుతాయి."

"వాడైతే ఎంత జాగ్రత్తమనిషో నీకూ తెలుసు."

"తెలుసు."

ఆ క్షమ తడిబట్టలా ఆమె భుజాల మీద ఉండిపోయింది. దించుకోవడానికి లేదు, ఆరడానికీ లేదు.

నసరేనో ఆమెను వదల్లేదు. దుప్పటి తీగ మీద ఆరేస్తే సాయంకాలపు ఎండకు అవతల ఒక నీడ నిలబడేది. దగ్గరకు వెళ్ళి చూస్తే పీచ్ చెట్టు. ఆమె దుప్పట్లను కుర్చీల మీద ఆరబెట్టుకోవడం మొదలుపెట్టింది. మందపాటి బట్టలో సూది దించాక చెయ్యి ఆగిపోయేది, అవతలనుంచి ఎవరో తిప్పి పంపాలన్నట్టు. కొలతలకు వచ్చిన ఒక పెళ్ళికూతురు భయపడింది కూడా.

"ఎవరికోసం చూస్తున్నారు దోన్యా?"

"సూది కోసం," అంది డెల్ఫీనా. అంతకన్నా మంచి అబద్ధం ఆమెకు తోచలేదు.

ఆ తర్వాత కరువు వచ్చింది. రైతులు వాన కోసం మరియమ్మ విగ్రహాన్ని చేలగట్ల వెంట ఊరేగించారు. డెల్ఫీనా అందరికన్నా ముందు నడిచింది, అందరికన్నా గట్టిగా ప్రార్థించింది. ఆమెకు చేలు లేవు. సరస్సు ఇంకిపోకూడదని ఆమె మొర. నీళ్ళు ఉన్నంతకాలం ఆ రెక్క ఏమీ చెప్పదు.

వాన రాలేదు. సరస్సు వెనక్కి వెనక్కి పోయి, తెల్లని ఉప్పునేల బయటపడింది. ఒక ఉదయం క్లబ్బులో అందరికన్నా పెద్దవాడైన క్రొసెట్టి ఆమె గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు.

"కనపడిందమ్మాయ్. సగం బయటికొచ్చింది."

ఆమె కుట్టుమిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపింది.

"నా కొత్త విమానం రెక్కలు బట్టకి సిద్ధంగా ఉన్నాయి. నువ్వు కుట్టాలి. వేరే ఊరివాళ్ళ కుట్టు కింద కూర్చుంటే నాకు నడుం నొప్పి."

"నడుం నొప్పి నీ వయసుకి, కుట్టుకి కాదు."

"సరే, వయసుకే. కానీ ముందెళ్ళి దాన్ని చూడు. చూడకుండా సూది పట్టుకుంటే నీ చెయ్యి వణుకుతుంది. నీ చెయ్యి వణికితే పైన నా గుండె వణుకుతుంది."

"ముడులు జారి ఉంటే?"

"జారి ఉంటే నాకు చెబుతావు. నేను వేరేవాళ్ళని చూసుకుంటాను. జారకపోతే సోమవారం వచ్చేయ్. ఇంతే కదా."

అంతే. కానీ సంగతి తెలిసి ఒఫేలియా కూడా బయల్దేరింది. "నా తమ్ముడి రెక్క. నేను రాకపోతే ఎలా?" అంది. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

క్రొసెట్టి మోకాళ్ళు ఉప్పుపెచ్చు మీద నడవనివ్వవు. అతను గట్టున తన పాత వ్యాను దగ్గరే ఉండిపోయాడు. ఆడవాళ్ళిద్దరూ నడిచారు. కాలి కింద పెచ్చు గాజులా చిట్లుతోంది, కింద నల్లటి బురద తగులుతోంది. ఎండిన చేపలూ, ఉప్పు పట్టిన కంచె గుంజలూ దాటారు. దూరాన మిగిలిన నీళ్ళలో ఫ్లెమింగోలు తలలు వంచి మేస్తున్నాయి. గాలి లేదు. నీళ్ళలో కిందికి ఒక ఆకాశం, పైన ఒక ఆకాశం. మధ్యలో గీత లేదు.

రెక్క వెల్లకిలా పడివుంది, మంచు కప్పిన తలుపులా. డెల్ఫీనా మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో ఉప్పు తుడిచింది. విమానానికి బిగించే చోటునుంచి మొదలుపెట్టింది. ప్రొపెల్లర్ గాలి నేరుగా కొట్టేది అక్కడే. ఊడితే ముందు ఊడేది అక్కడే. మొదటి ఎముక. ముడులు ఉన్నాయి. రెండోది. ఉన్నాయి. ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళతోనే వెళ్ళింది. తన చేతి ముడి తనకు తెలుసు, ఎడమకు ఒత్తిగిలి పడుకుంటుంది. ఒక్కటీ జారలేదు. బట్ట అక్కడక్కడ చిరిగింది. చిరిగిన చోట కూడా ముడుల కింద బట్ట ముక్కలు గట్టిగా పట్టుకునే ఉన్నాయి. ఆ చిరుగులు ఉప్పువి, పక్షులవి.

చివరికి రెక్క కొస దగ్గరకు వచ్చింది. కొస కిందనుంచి నలిగి, చెక్క పేళ్ళుపేళ్ళుగా వెనక్కి విరిగింది. రెక్క మొత్తం గాలిలో బాగానే ఉంది. కొస నీటిని తాకింది.

క్లబ్బులో ఈదురుగాలికి ఎవరూ భయపడరు. గాలి లేని రోజుకు భయపడతారు. అలాంటి రోజు సరస్సు అద్దమైపోతుంది, నీళ్ళు ఎంత కింద ఉన్నాయో కంటికి అందదు. అలాంటి రోజు సరస్సు మీద కిందికి దిగకూడదని కొత్తవాళ్ళందరికీ చెప్పేది నసరేనోయే.

"ఏం చెబుతోంది?" అంది ఒఫేలియా వెనకనుంచి. ఆమెకు ఈ పని తెలియదు. ఆమె కళ్ళకు అదొక పాత, చిరిగిన రెక్క.

డెల్ఫీనా వెనక్కి తిరిగింది. చెప్పడానికి నోరు తెరిచింది. ఇన్నేళ్ళ బరువు నాలుక చివర ఉంది.

ఒఫేలియా ఆమెను చూడడం లేదు. దూరాన గట్టు వైపు చూస్తోంది.

"ఆ రోజు అక్కడ నిలబడ్డాను. తినడానికి తెచ్చిన రొట్టె, మాంసం పరిచి ఉంది. వాడు చాలా పైన పోతున్నాడు. అన్నీ దులిపేసి తెల్ల టేబుల్ గుడ్డ తీసుకుని ఊపాను. కిందికి రారా, నా మీంచి పోరా అని. చిన్నప్పుడు పొలంలో అన్నానికి అలాగే పిలిచేదాన్ని." ఆమె చెయ్యి గుడ్డ పట్టుకున్నట్టే పైకి లేచింది. "వాడు వచ్చాడు. తెల్లగా ఏదో కొట్టుకుంది డెల్ఫీనా. నేను చూశాను. రెక్క మీదే. రెక్క మీదే కదా?"

గాలి లేని రోజు. తెల్లగా కొట్టుకోవడానికి ఇంకేముంది అక్కడ?

డెల్ఫీనా అవతలి నీళ్ళకేసి చూసింది. తర్వాత లేచి, ఒఫేలియా చెయ్యి పట్టుకుని, మధ్యలో ఉన్న పెద్ద చిరుగు దగ్గరకు తీసుకెళ్ళింది. ఆ వేళ్ళను దాని అంచు మీద పెట్టింది.

"ఇదిగో. ఇక్కడ ఊడింది. నా ముడి జారింది. నువ్వు చూసింది ఇదే."

ఒఫేలియా ఉప్పులో కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు బరువు దించుకున్న మనిషి ఏడుపు. డెల్ఫీనా ఆమె జుట్టు నిమురుతూ నిలబడింది. రెక్కకు అవతలిపక్క ఎవరో ఉన్నారనిపించింది, చాలాకాలంగా అక్కడే ఉండి ఇప్పుడే తల దించుకున్నట్టు. ఆమె అటు చూడలేదు.

వ్యాను దగ్గర క్రొసెట్టి మాతే గిన్నె పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఒఫేలియాను ముందు ఎక్కించాడు. ఆమె మధ్యలో కూర్చుంది, ముఖం ఉబ్బి ఉంది, చంటిపిల్లలా తేలికగా ఉంది.

"ముడులు?" అన్నాడు.

"జారాయి."

ముసలాయన గొట్టం నోటికి పెట్టుకుని ఒక గుక్క తాగాడు.

"రెక్క కొస ఎలా ఉంది?"

ఈ ప్రశ్న అడగడం తెలిసిన మనిషి అల్దావలో ఇతనొక్కడే.

"కొస చూడలేదు," అంది డెల్ఫీనా.

"చూడలేదా."

"చూడలేదు."

అతను ఆమె ముఖం చూశాడు, ఉప్పు పట్టిన చేతివేళ్ళు చూశాడు, మధ్యలో కూర్చున్న ఒఫేలియాను చూశాడు. గిన్నెలో నీళ్ళు నేల మీద పారబోశాడు.

"అయితే నా రెక్కలు బయటి ఊరు పంపాలన్నమాట."

"పంపు."

"మంచి చేతులు పోగొట్టుకుంటున్నాను."

"జారిన చేతులు క్రొసెట్టీ. ఎక్కు, ఎండగా ఉంది."

వ్యాను కదిలింది. ఒఫేలియా దారిపొడవునా తమ్ముడి గురించి చెబుతూనే ఉంది. వాడెంత జాగ్రత్తగా ఉండేవాడో, చక్రాలు తుడిస్తే గానీ ఎలా ఎక్కేవాడు కాదో. డెల్ఫీనా తలాడిస్తోంది. ఆ ముందు సీటులో ముగ్గురికే చోటు. అయినా ఆమె తలుపు వైపు ఒదిగి కూర్చుంది, ఇంకో మనిషికి పక్కన చోటిస్తున్నట్టు.